కూత 30 సెకన్లు: మా ఊరి కబడ్డీకి రీప్లే కట్టిన డైరీ

డిసెంబరు 6

పోయిన సంక్రాంతికి మా ఊరి కబడ్డీ పోటీల్లో సెమీఫైనల్ 40 నిమిషాలు ఆగిపోయింది. పక్క ఊరి కుర్రాడు ఆఖరి కూతకు వెళ్లి, ఎవరినీ తాకకుండా వెనక్కి వచ్చాడు. కూతకెళ్లినవాడు ఎవరినీ ముట్టుకోకపోతే కనీసం ఎదుటి జట్టు సగంలో గీసిన బాక్ లైన్ అనే గీతనైనా ఒకసారి దాటి రావాలి, లేకపోతే ఔట్. దాటానని అతను, దాటలేదని మావాళ్లు. రెఫరీగా ఉన్న పీఈటీ మాస్టారు తనకు కనిపించింది చెప్పి ఔటిచ్చారు. ఆయన నిజాయితీ మీద మా చుట్టుపక్కల ఎవరికీ అనుమానం లేదు. కానీ ఆయన నిలబడ్డ చోటుకూ ఆ కాలికీ మధ్య ఇద్దరు ఆటగాళ్లున్నారు.

ఆ మ్యాచ్‌ను లైవ్ ఇచ్చింది నేనే. పెళ్లిళ్లకు వాడే కెమెరా ఒకటి స్టేజీ మీద పెట్టి యూట్యూబ్‌కు పంపాను. గొడవ ముదిరాక అందరూ నా టేబుల్ చుట్టూ మూగారు, "వీడియోలో చూడవయ్యా" అంటూ. నా దగ్గర 4 గంటల రికార్డింగ్ ఉంది. కావలసిన అర సెకను అందులో పట్టుకోవడానికే పావుగంట పట్టింది. తీరా దొరికాక చూస్తే కాలు మనుషుల వెనకాల ఉంది. ఆ కుర్రాడు నా భుజం మీదుగా స్క్రీన్ చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఏడాదిగా ఆ ముఖం నన్ను వదల్లేదు.

ఈసారి రీప్లే ఉండాలి. కూత అయిన 10 సెకన్లలోపు, గీతకు సరిగ్గా ఎదురుగా నిలబడి చూసినట్టు, నిదానంగా చూపించగలగాలి. చేతిలో ఉన్నవి రెండు కెమెరాలు, ఒక మంచి ఫోను, రెండు ల్యాప్‌టాప్‌లు. మనుషులం ముగ్గురం: నేను, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా బావమరిది, డిప్లొమా చదివే మా చిన్నాన్న కొడుకు. కెమెరాల బొమ్మలు కలిపి లైవ్ పంపడానికి ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్, డబ్బు కట్టక్కర్లేదు.

డిసెంబరు 9

హైస్కూలు గ్రౌండుకు టేపు పట్టుకెళ్లాం. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్య గీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు. అంటే రెండు వైపుల బాక్ లైన్ల మధ్య దూరం 7.5 మీటర్లు. క్రికెట్ గ్రౌండైతే నేను ఈ పనికి పూనుకునేవాణ్నే కాదు. ఇక్కడ కోర్టు చిన్నది, కేబుళ్లు అందుతాయి. ఇంకా మంచి సంగతి, ఒక కూతకు 30 సెకన్లే గడువు. ఏ గొడవైనా ఆ 30 సెకన్లలోపలే ఉంటుంది.

గీత దాటాడో లేదో తేల్చాలంటే కెమెరా ఆ గీత వెంబడే చూడాలి. పక్కకు రెండడుగులు జరిగినా కాలు దాటనిది దాటినట్టూ, దాటింది దాటనట్టూ కనిపిస్తుంది. 1992 నవంబరులో డర్బన్ టెస్టులో సచిన్ టెండూల్కర్‌ను రనౌట్‌గా తేల్చింది టీవీ రీప్లేయే. మూడో అంపైరు ఔటిచ్చిన మొదటి బ్యాట్స్‌మన్ సచినే. క్రీజుకు సరిగ్గా అడ్డంగా నిలిపిన కెమెరా లేకపోతే మూడో అంపైరు ఎంత తెలివైనవాడైనా చేయగలిగింది తక్కువ.

కాబట్టి ఒక్కో బాక్ లైన్‌కు ఒక్కో కదలని కెమెరా. టేబుల్ వైపున్న గీతకు రెండో కెమెరా. అవతలి గీతకు ఇటువైపు కమిటీ స్టేజీ అడ్డం వస్తోంది కనుక ఫోనును కోర్టు అవతలి పక్కన పెట్టాలి. రెండూ 9 అడుగుల వెదురు గడల మీద, కిందికి వంగి గీత పొడవునా చూస్తూ. పోయినేడు కాలు మనుషుల వెనక దాగింది కదా, ఎత్తు అందుకే. మొదటి కెమెరా మధ్య గీత దగ్గర ట్రాక్టర్ ట్రక్కు మీద, ఆటంతా చూపించడానికి.

డిసెంబరు 13

టెంట్ హౌస్ నుంచి నాలుగు ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు తెచ్చి రాత్రి పరీక్షించాం. కంటికి వెలుతురు బాగుంది. కెమెరాలో మాత్రం నల్లటి పట్టీలు పైనుంచి కిందికి పాకుతున్నాయి.

కారణం కరెంటు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, చవక లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కెమెరా షట్టరు, అంటే ఒక్కో ఫ్రేముకు అది వెలుతురు తీసుకునే సమయం, ఆ మినుకుతో లెక్క కుదరకపోతే ఒక్కో ఫ్రేములో వెలుతురు ఒక్కో రకంగా పడుతుంది. షట్టరును 1/50 సెకనుకో 1/100 సెకనుకో బిగిస్తే మినుకు ఒక పూర్తి చుట్టు లోపలికి వస్తుంది, పట్టీలు పోతాయి. ఫోను 60 ఫ్రేముల్లో ఉన్నా సరే, షట్టరు 1/100 దగ్గర ఉంటే చాలు. కెమెరాలు రెండూ 50 లెక్కకు కుదిరే పాల్ మోడ్‌లోకి మార్చాను. చాలామంది కొన్నప్పటి నుంచీ 60 లెక్కన నడిచే ఎన్‌టీఎస్‌సీ మోడ్‌లోనే వదిలేసి కల్యాణ మండపాల్లో ఈ పట్టీలతో కుస్తీ పడుతుంటారు. మన దేశంలో ముందు మార్చాల్సిన సెట్టింగు అదే.

దీంతో ఒక ఆశ వదులుకున్నాను. సెకనుకు 120 ఫ్రేములు తీసి వెన్నలాంటి స్లోమోషన్ ఇద్దామనుకున్నా. 120 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకు 1/120 సెకనుకు మించి షట్టరు ఇవ్వలేం, ఆ లైట్ల కింద ప్రతి ఫ్రేమూ వేరే వెలుతురులో వస్తుంది. పెద్ద స్టేడియాల్లో మినుకు లేని లైట్లకు అంత ఖర్చు పెట్టేది ఇందుకే. మాకు 50 ఫ్రేములు, షట్టరు 1/100. దాన్ని సగం వేగంతో ఆడిస్తే సెకనుకు 25 ఫ్రేములు. ఏ ఫ్రేమూ కల్పించినది కాదు, అన్నీ నిజంగా తీసినవే. తీర్పుకు వాడే బొమ్మకు అదే ముఖ్యం.

డిసెంబరు 14

కెమెరా బొమ్మను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డు మార్చాల్సి వచ్చింది. చవక కార్డు పెట్టె మీద ఎంత పెద్ద అంకె వేసినా లోపలున్నది యూఎస్‌బీ 2. సెకనుకు 480 మెగాబిట్ల దారి అది. 1080 బొమ్మ 50 ఫ్రేములతో, కుదించకుండా పంపాలంటే 1,600 మెగాబిట్లు దాటుతుంది. ఆ కార్డు 30 ఫ్రేములకు తగ్గించి ఇస్తోంది. యూఎస్‌బీ 3 కార్డు తెప్పించాను.

డిసెంబరు 17

ఫోనులోని బొమ్మ ల్యాప్‌టాప్‌కు తేవాలి. లారిక్స్ అనే యాప్ నుంచి ఎస్‌ఆర్‌టీ పద్ధతిలో వైఫై మీద పంపాం. హైవిజన్ అనే కంపెనీ తయారుచేసి 2017లో అందరికీ విడుదల చేసిన పద్ధతి ఇది. దారిలో పోయిన డేటా ముక్కలను మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. అలా తెప్పించుకోవడానికి ఎంతసేపు ఆగాలో మనం చెప్పాలి.

అర సెకను ఆగమని ఓబీఎస్ వైపు 500 అని రాశాం. బొమ్మ కుదుపులు ఏమాత్రం తగ్గలేదు. రెండు గంటలు రూటరును తిట్టుకున్నాక బావమరిది డాక్యుమెంటేషన్ తెరిచాడు. "బావా, ఇక్కడ లెక్క మైక్రోసెకన్లలో!" అర సెకనంటే 5,00,000 అని రాయాలి. మేం రాసింది సెకనులో రెండు వేలో వంతు. రెండు వైపులా ఇచ్చిన అంకెల్లో ఏది పెద్దదైతే అది నిలుస్తుంది. ఫోను వైపు మేమేమీ ఇవ్వలేదు గనక ఎస్‌ఆర్‌టీ తనంతట తాను తీసుకునే 120 మిల్లీసెకన్లే ఇంతసేపూ నడిచింది. సరిచేశాక బొమ్మ నిలబడింది.

డిసెంబరు 18

బొమ్మ నిలబడింది ఖాళీ గ్రౌండులో. ఈ సాయంత్రం పిల్లలు ఓ ముప్పై మంది గడకూ రూటరుకూ మధ్య నిలబడగానే మళ్లీ కుదుపులు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరు, నీరు వైఫై తరంగాలను మింగేస్తుంది. పండగ రోజు ఆ మధ్యలో వందల మంది ఉంటారు, ప్రతి జేబులో ఒక ఫోను.

వైఫై వద్దు. కోర్టు చుట్టూ తిప్పితే దారి 45 మీటర్లు. అంత పొడవున మామూలు హెచ్‌డీఎంఐ కేబులు పనికిరాదు. క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబులు 100 మీటర్ల వరకూ నడుస్తుంది. ఫోనుకు ఈథర్‌నెట్, ఛార్జింగ్ రెండూ ఉన్న టైప్ సీ హబ్ తగిలించి కేబులు గుచ్చాం. మధ్యలో చిన్న నెట్‌వర్క్ స్విచ్. జనం తొక్కే చోట రెండంగుళాల లోతు గాడి తీసి, కేబులును కరెంటు పైపులో పెట్టి పూడ్చాం. రాత్రి 9 గంటల దాకా ఒక్క ఫ్రేమూ పోలేదు.

డిసెంబరు 22

ఈరోజు రీప్లే మొదలు. ఓబీఎస్‌లో రీప్లే బఫర్ అని ఉంటుంది. గడిచిన ఇన్ని సెకన్లు అని చెబితే అంతమేర బొమ్మను మెమరీలో తిప్పుతూ ఉంచుకుని, మీట నొక్కినప్పుడు ఫైలుగా రాసి ఇస్తుంది. 40 సెకన్లు పెట్టాం. 20 మెగాబిట్ల నాణ్యతకు 100 మెగాబైట్లే, ఏ ల్యాప్‌టాప్‌కైనా భారం కాదు. నొక్కగానే ఫైలు రాసి వెంటనే ఆడించే చిన్న ప్రోగ్రాం, లూవా భాషలో రాసిన స్క్రిప్టు కూడా ఓబీఎస్‌తోపాటే వస్తుంది.

రీప్లేకు ఒక ల్యాప్‌టాప్ పూర్తిగా వేరుచేశాం. అది 50 ఫ్రేముల్లో నడుస్తుంది, లైవ్ పంపే ల్యాప్‌టాప్ 25లో. టీవీవాళ్లు గ్రౌండుకు తెచ్చే పెద్ద ఓబీ వ్యాన్లలోనూ రీప్లేకు వేరే యంత్రం, వేరే మనిషి ఉంటారు. బెల్జియంలో 1994లో పుట్టిన ఈవీఎస్ కంపెనీ యంత్రాలు ప్రపంచమంతా ఆ పని చేస్తున్నాయి. వాటి ముందు కూర్చునే మనిషి ఆటను చూసే చూపే వేరు, అతనికి ఇప్పుడు జరుగుతున్నదీ ఇందాక జరిగిందీ రెండూ కళ్లముందు ఉండాలి.

ఒక చిక్కు: బఫర్ ఒక్కటే, కెమెరాలు రెండు. ఓబీఎస్‌లో బొమ్మలు పేర్చే కాన్వాసును నిలువునా సగం చేసి, ఎడమ పక్క ఒక గీత, కుడి పక్క ఇంకో గీత పెట్టాం. గీత వెంబడి చూసే కెమెరాలో గీత బొమ్మ మధ్యలో నిలువుగా ఉంటుంది, అటూ ఇటూ అంచులు మాకు అక్కర్లేదు. సగం వెడల్పు సరిపోయింది. రెండు వైపులా ఒకే ఫైల్లో, ఒకే సమయానికి దొరుకుతాయి. ఈ ఉపాయం చిన్నాన్న కొడుకుది. నాకు చాలా నచ్చింది.

రెండో చిక్కు పరీక్షలో బయటపడింది. మొదటి రీప్లే బాగా వచ్చింది. రెండోది నొక్కితే అందులో మొదటి రీప్లే కనిపించింది. బఫర్ రికార్డు చేసేది ఓబీఎస్ బయటికి ఇచ్చే బొమ్మను, అంటే ప్రోగ్రాం స్క్రీన్ మీద ఉన్నదాన్ని. మేం రీప్లేను అక్కడే ఆడించాం కాబట్టి అది రీప్లేనే రికార్డు చేసుకుంది. ఇప్పుడు ప్రోగ్రాం స్క్రీన్ ఎప్పుడూ రెండు గీతల లైవ్ మీదే ఉంటుంది. రీప్లే సీనును ప్రొజెక్టర్ అనే ఆప్షన్‌తో హెచ్‌డీఎంఐ బయటికి పంపి, లైవ్ ల్యాప్‌టాప్‌లో ఇంకో కెమెరాలా తీసుకుంటున్నాం.

డిసెంబరు 26

స్కూలు పిల్లలతో 20 కూతలు ఆడించాం. యంత్రం పనిచేసింది. రీప్లే పనిచేయలేదు.

మీట నొక్కితే 40 సెకన్ల ఫైలు వస్తుంది. కాలు పడింది అందులో 12వ సెకనులోనో 31వ సెకనులోనో. సగం వేగంతో మొదటినుంచి ఆడిస్తే 80 సెకన్లు, ఈలోపు రెండు కూతలు అయిపోతాయి. ముందుకు జరుపుదామంటే ఎంత జరపాలో తెలియదు. నిరుడు 4 గంటల్లో వెతికాను, ఇప్పుడు 40 సెకన్లలో వెతుకుతున్నాను. బొమ్మ పట్టుకోవడం దగ్గరే కష్టమంతా ఉందని నేను ఇన్నాళ్లూ అనుకున్నా. క్షణాన్ని గుర్తు పెట్టుకోవడమే అసలు కష్టం.

ఆటల ప్రసారంలో ఇన్‌స్టంట్ రీప్లేను మొదలుపెట్టిన మనిషిగా చెప్పుకునే టోనీ వెర్నాకూ సరిగ్గా ఇదే అడ్డం వచ్చింది. 1963 డిసెంబరు 7న అమెరికాలో ఆర్మీ, నేవీ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. వెర్నా సీబీఎస్ టీవీలో డైరెక్టరు, కుర్రవాడు. అర టన్నుకు పైగా బరువున్న ఆంపెక్స్ టేపు యంత్రాన్ని స్టేడియానికి మోయించాడు. అప్పటికే టేపు మీద రికార్డింగ్ కొత్త కాదు. వెనక్కి తిప్పితే కావలసిన చోటు ఎక్కడుందో తెలియకపోవడమే అసలు బాధ. అందుకని జట్లు ఆటకు సిద్ధమయ్యే ఘట్టాల దగ్గర టేపులోని ఆడియో ట్రాకు మీద బీప్ శబ్దాలు ఎక్కించాడు. వెనక్కి తిప్పుతూ ఆ బీప్‌లు వింటే చోటు తెలుస్తుంది. ఆ రోజు చాలా ప్రయత్నాలు బెడిసికొట్టాయి, ఒక్క టచ్‌డౌన్‌కే (ఆ ఆటలో పాయింట్లు తెచ్చే ఘట్టం) రీప్లే వేయగలిగారు. అదీ మామూలు వేగంతోనే. జనం మళ్లీ టచ్‌డౌన్ జరిగిందనుకుంటారేమోనని, ఇది ఇందాకటిదేనని వ్యాఖ్యాత చెప్పాల్సి వచ్చింది.

60 ఏళ్ల కిందట ఆయన వేసిన బీప్ మాకూ కావాలి. చిన్న యూఎస్‌బీ నంబర్ల కీప్యాడ్ తెచ్చాం. ఒక మనిషి పని ఆటను చూడటం ఒక్కటే. రైడర్ (కూతకెళ్లినవాడు) కాలు గీత దగ్గర పడిన క్షణాన ఒక మీట నొక్కుతాడు. స్క్రిప్టు ఆ సమయాన్ని గుర్తు పెట్టుకుంటుంది. కూత అయ్యాక రెండో మీట నొక్కితే ఫైలు రాసి, గుర్తుకు 4 సెకన్ల ముందు నుంచి సగం వేగంతో ఆడిస్తుంది.

బావమరిది స్క్రిప్టు ఒక్క రాత్రిలో రాశాడు. తెల్లారి చూస్తే ఒక్కోసారి సరైన చోట, ఒక్కోసారి సెకనున్నర అవతల మొదలవుతోంది. మధ్యాహ్నానికి కారణం దొరికింది. బఫర్ ఫైలు సరిగ్గా 40 సెకన్లు ఉండదు. అది కీఫ్రేము, అంటే బొమ్మ మొత్తం ఉన్న ఫ్రేము, దగ్గరే మొదలవ్వాలి కాబట్టి కాస్త ఎక్కువో తక్కువో ఉంటుంది. మేం గుర్తును ఫైలు మొదటి నుంచి లెక్కపెడుతున్నాం, ఆ మొదలే జారుతోంది. ఫైలు ముగిసేది మాత్రం మేం మీట నొక్కిన క్షణానే. చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టేలా మార్చాం. కీఫ్రేములను సెకనుకు ఒకటి చేశాం. ఆ తర్వాత 20 కూతల్లో 19 సరిగ్గా వచ్చాయి. ఇరవయ్యోది గుర్తు మీట నొక్కనిది.

ఆ మీట దగ్గర ఎవరు కూర్చోవాలన్నది కూడా తేలింది. నేనూ బావమరిదీ బంతి ఆటలు చూసి పెరిగినవాళ్లం, మా కళ్లు రైడర్ చేతుల మీదికి పోతున్నాయి. చిన్నాన్న కొడుకు కాలేజీ జట్టులో ఆడతాడు. వాడి చూపు పాదాల మీద ఉంటుంది.

జనవరి 2

ల్యాప్‌టాప్ ముందు స్టాప్‌వాచ్ నడిపిస్తూ కెమెరాలన్నిటితో తీశాం. నేరుగా క్యాప్చర్ కార్డుకు వచ్చే కెమెరాలకంటే ఫోను బొమ్మ 0.6 సెకన్లు వెనకబడింది. రెండు గీతల బొమ్మ ఒకే సమయానిది కాకపోతే గుర్తు మీట ఒక పక్కకు అబద్ధం చెబుతుంది. ముందొచ్చే కెమెరాకు ఓబీఎస్‌లో వీడియో డిలే ఫిల్టరు వేసి 600 మిల్లీసెకన్లు ఆపాం. మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టించి ఫ్రేము ఫ్రేముగా చూశాం. ఒక ఫ్రేము తేడా. చాలు.

జనవరి 5

శబ్దం. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది: కబడ్డీలో బొమ్మ కంటే కూత ముఖ్యం. కూత ఆగిందా లేదా అన్నదే ఆటలో సగం. పెద్ద ప్రసారాల్లో ఆ కూత చెవిలో చెప్పినంత దగ్గరగా వినిపిస్తుంది. మన ఊళ్లలో లౌడ్‌స్పీకర్ పాటల కింద అది మునిగిపోతుంది. ట్రక్కు మీద, ఎదురుగా కోర్టు మధ్యకు గురిపెట్టి రెండు పొడవాటి షాట్‌గన్ మైకులు బిగించాం. ఆట నడుస్తున్నంతసేపూ పాటలు వద్దని కమిటీని బతిమాలాను. సినిమా పాట మైకులో పడితే యూట్యూబ్ కాపీరైట్ కింద లైవ్‌నే ఆపేసే ప్రమాదం ఉందన్నాక ఒప్పుకున్నారు. నిజానికి నేను అడిగింది కూత కోసమే.

వ్యాఖ్యాత మైకు లైను సౌండ్ మిక్సర్ నుంచి తీసుకుంటే బొయ్యిమని హమ్ వచ్చింది. రెండు వేర్వేరు కరెంటు పాయింట్ల ఎర్తుల మధ్య తేడా. మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చిన్న పెట్టె పెట్టగానే పోయింది.

జనవరి 8

మాస్టారు, రెండు మూడు జట్ల పెద్దలు, కమిటీవాళ్లు కూర్చున్నాం. రీప్లే దేనికి వాడాలి, దేనికి వాడకూడదు.

చేతి తాకిడికి కూడా వాడదామన్నారు కొందరు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. రైడర్ చెయ్యి విసిరితే సెకనుకు 5 మీటర్ల వేగం అనుకుందాం. షట్టరు 1/100. అంటే ఒక్క ఫ్రేములోనే చెయ్యి 5 సెంటీమీటర్లు జరిగి మసకగా పడుతుంది. ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య 10 సెంటీమీటర్లు జరుగుతుంది. వేలి కొస చొక్కాకు తగిలిందా లేదా అన్నది ఆ రెండు ఫ్రేముల మధ్యే పోవచ్చు. కాలు అలా కాదు. నేల మీద పడ్డ కాలు ఒక్క క్షణమైనా ఆగుతుంది, ఆగినది స్పష్టంగా పడుతుంది.

మాస్టారు ఆ కాగితం చాలాసేపు చూశారు. "అయితే కాలికే పెడదాం. బొమ్మ తేల్చలేకపోతే నా మాటే నిలవాలి, సరేనా?" అన్నారు. సరేనన్నాం. బాక్ లైన్ వరకే, జట్టుకు మ్యాచ్‌లో ఒక్క రివ్యూ.

ఆయనే ఇంకో మాట అడిగారు. "సున్నం గీత ఐదు కూతలకే చెరిగిపోతుంది కదయ్యా, అప్పుడు దేన్ని చూసి చెబుతారు?" నెల రోజులుగా గీతను చూస్తున్న మా ముగ్గురిలో ఎవరికీ ఈ ఆలోచన రాలేదు. మంచాలకు అల్లే తెల్ల నవారు తెచ్చి బాక్ లైన్ మీద లాగి కట్టి, మేకులు కోర్టు బయట కొట్టి, నవారును మట్టికి సమానంగా దిగేసి తొక్కించాం. కాళ్లకు తగలదు, చెరగదు, ఫ్లడ్‌లైటు కింద తెల్లగా వెలుగుతుంది.

జనవరి 10

నెట్. మా కేబుల్ ఆపరేటరు గ్రౌండు దాకా ఫైబర్ లాగిచ్చాడు. 4జీ సిమ్ము ఉన్న ఫోను తోడుగా పెట్టాం, కానీ దాని మీద నమ్మకం తక్కువ. పండక్కి ఊళ్లు నిండుతాయి, ఒక్క టవర్ మీద అందరూ పడతారు, అప్‌లోడ్ ముందు కుంగిపోతుంది. అందుకే 1080 ఆశపడకుండా 720, 25 ఫ్రేములు, 3 మెగాబిట్లు. గంటకు 1.35 జీబీ, నాలుగు గంటలకు 5.4. చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోనులోనే చూస్తారు. ఆగకుండా రావడం వాళ్లకు అన్నిటికంటే ముఖ్యం.

లైట్లు ఒక జనరేటరు మీద, మా టేబుల్ వేరే జనరేటరు, మధ్యలో యూపీఎస్.

భోగి, రాత్రి 1 గంట

ఆరున్నరకు లైవ్ మొదలైంది. కువైట్‌లో అప్పుడు సాయంత్రం 4, డాలస్‌లో ఉదయం 7. మా ఊరివాళ్లు రెండు చోట్లా ఉన్నారు. చాటింగ్‌లో మొదటి మాట కువైట్ నుంచి, "కూత వినిపిస్తోంది అన్నా". ఇంకేం కావాలి నాకు.

తొమ్మిదింటికి దెబ్బ తగిలింది. ఒక జట్టు రివ్యూ అడిగింది. రీప్లే వేశాం. తెర నిండా పాలలాంటి తెలుపు. పుష్య మాసపు మంచు కెమెరా లెన్సు మీద కూర్చుంది. గీత కెమెరాలు కదలవు కదా అని ఎవరం వాటివైపు చూడలేదు. ఆ రివ్యూలో మాస్టారి మాటే నిలిచింది. ఓడినవాళ్లు గొణిగారు, అందులో తప్పు లేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి తుడిస్తే పది నిమిషాలకు మళ్లీ మంచు. చివరికి రెండు గడల మీదా చిన్న బల్బు ఒకటి వెచ్చగా ఉండేలా లెన్సు కింద కట్టి, పైన ప్లాస్టిక్ డబ్బా సగం కోసి టోపీలా పెట్టాం. ఆ తర్వాత పట్టలేదు. ఇకనుంచి ప్రతి మ్యాచ్ మధ్య విరామంలో గీత కెమెరాలు చూడటం ఒక మనిషికి అప్పజెప్పిన పని.

పెద్ద పండగ, రాత్రి

7 మ్యాచ్‌లు, 9 రివ్యూలు. ఆరింటిలో మాస్టారి తీర్పు సరిగ్గా ఉంది, రెండు మారాయి, ఒకటి తేలలేదు. తీర్పు మారిన మొదటిసారి ఆయన తెర చూసి, తనే విజిల్ వేసి చెయ్యి ఎత్తి మార్చారు. గ్రౌండు చప్పట్లతో మోగిపోయింది.

ఫైబర్ ఒకసారి తెగింది, ఎవరిదో ట్రాక్టరు. సిమ్ము మీద 11 నిమిషాలు నడిపాం, బొమ్మ ముక్కలుముక్కలుగానే వెళ్లింది.

కనుమ

ఫైనల్ రెండు పాయింట్ల తేడాతో అయింది. రివ్యూ ఒక్కటే, బాక్ లైన్ మీద, సగం పాదం నవారుకు అవతల. కూత అయ్యాక తెర మీదికి రావడానికి 7 సెకన్లు పట్టింది. ఎవరూ టేబుల్ దగ్గరికి రాలేదు.

ఒక లోటు రాసిపెట్టుకోవాలి. ఆఖర్లో పట్టుబడ్డ రైడర్ వేళ్లు మధ్య గీతకు అందాయా అని పెద్ద ప్రశ్న వచ్చింది. ట్రక్కు మీది కెమెరా ఆ గీత వెంబడే ఉంది, కానీ దాని బొమ్మ రీప్లే ల్యాప్‌టాప్‌లోకి వెళ్లదు. వచ్చే ఏడాది కాన్వాసును మూడు ముక్కలు చేయాలి.

బహుమతులు ఇచ్చాక జనం సద్దుమణిగారు. కేబుళ్లు చుడుతున్నాం. నిరుటి కుర్రాడు వచ్చాడు. ఈసారి వాళ్ల జట్టు క్వార్టర్స్‌లోనే ఓడిపోయింది. "అన్నా, పోయినేటి నా కూత ఉందా మీ దగ్గర? దీంట్లో వేసి చూడొచ్చా?" అన్నాడు.

హార్డ్ డిస్కులో ఉంది. ఆ క్షణం ఎక్కడుందో నాకు కంఠతా వచ్చు. తీసి సగం వేగంతో వేశాను, తర్వాత ఫ్రేము ఫ్రేముగా. ఇద్దరు డిఫెండర్ల వెనక కాలు వెళుతుంది, మళ్లీ బయటికి వస్తుంది. మధ్యలో ఏం జరిగిందో ఏ యంత్రమూ చెప్పలేదు. రెండుసార్లు చూశాడు.

తర్వాత చెప్పులు విప్పి కోర్టులోకి నడిచాడు. మధ్య గీత నుంచి కూత పట్టి, మెల్లగా, ఎదురుగా ఎవరూ లేకుండా, అప్పుడు వెళ్లినట్టే వెళ్లి ఒక చోట ఆగి కుడికాలు పెట్టాడు. "ఇక్కడ పెట్టాను" అన్నాడు. గీత కెమెరా ఇంకా విప్పలేదు. చిన్నాన్న కొడుకు కీప్యాడ్ మీద గుర్తు మీట నొక్కాడు.

తెర మీద తెల్ల నవారు, దానికి అవతల నాలుగు వేళ్ల దూరంలో పాదం.

ఆ క్లిప్ వాట్సాప్‌లో పంపమన్నాడు. పంపాను.

రేపు పొద్దున్నే లైట్లు టెంట్ హౌస్‌కు అప్పజెప్పాలి. నవారు తీయొద్దన్నారు మాస్టారు, స్కూలు పిల్లలు ఆడుకుంటారట.